కట్టమంటే కట్టారు

పెద్దాపురంలో మా వీధి చివర తాతబ్బాయి, సూరన్న, బులిరాజు అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. తమ ఇంట్లో ఉన్నంత తెలివి జిల్లా మొత్తం గాలించినా దొరకదని వాళ్ళ నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు. మధ్యలో సొంత పైత్యం కలిపితేనే పనులు చెడేది" అనేవాడు పెద్దవాడు తాతబ్బాయి. ఒకసారి వాళ్ళక్క ఫ్యాను కట్టేయమంది. ఇంకేముంది, సూరన్న నులకతాడు తెచ్చి ఫ్యాను రెక్కలను కిటికీ ఊచకు కట్టేశాడు. "గాలి ఆగిందా లేదా?" అని అక్కనే ఎదురడిగాడు. ఆ రోజు నుంచి వీళ్ళను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఆ అక్క కూతురు ఇందుమతి. కంప్యూటర్లో ఆటలు తయారుచేయడమంటే ఆ పిల్లకు ప్రాణం. రాకుమారుడు రాక్షసుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే చిన్న ఆట ఒకటి మొదలుపెట్టింది. ఆదివారం కాకినాడలో పిల్లల ఆటల సంత ఉంది. అక్కడికొచ్చే కంపెనీ పెద్దాయనకు ఆట నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే ఐసు ఫ్యాక్టరీలో కూర్చోబెడతానని వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మకు రాజమండ్రిలో కంటి ఆపరేషన్ పడింది. రాకుమారుడు తయారు, రాక్షసుడు తయారు, వాళ్ళు తిరిగే నేల మాత్రం ఇంకా బోసిగానే ఉంది.

"మావయ్యా, ఇక మీరే నడుం కట్టాలి" అని ఏడుపు మొహంతో అడిగింది ఇందుమతి. తెర పక్కన సామాన్ల పెట్టెలో కొండలు, చెట్లు, కోటలు, ఏరు, తాళ్ళు, గుడ్డలు అన్నీ ఉంటాయని, కావలసినదాన్ని మౌసుతో లాక్కొచ్చి పెట్టడమేనని నేర్పి, ఆదివారం ఆటను సంతకు తీసుకెళ్ళే పని కూడా వాళ్ళకే అప్పగించి రాజమండ్రి బస్సెక్కింది. అంతే, ముగ్గురూ తలో తువ్వాలూ నడుముకు బిగించి కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు.

పొద్దున్నే ఫోనొచ్చింది. "కొండలు పెట్టాక, పక్కనే కోట కట్టండి మావయ్యా."

"దేనికి కట్టమంటావమ్మడూ?"

"దేనికేంటి మావయ్యా? రాక్షసుడి కోసం!"

రాక్షసుడు కోటను ఎత్తుకుపోతాడని పిల్ల భయపడుతోంది కాబోలనుకున్నారు. కోటను లాక్కొచ్చి, మెడలో తాడేసి, చింతచెట్టుకు కట్టేశారు. ముడి మీద ముడి వేశాడు బులిరాజు.

మధ్యాహ్నం మళ్ళీ ఫోను. "ఏరు పొంగి ఊళ్ళోకొచ్చేస్తుంది. ఏటికి కట్ట కట్టండి."

ఇంకేముంది, పారే ఏటిని చాపలా చుట్టి, కొత్తిమీర కట్టలా కట్టి, ఓ మూల నిలబెట్టారు. "ఇప్పుడు ఎలా పొంగుతుందో చూస్తాను" అన్నాడు సూరన్న, మీసం దువ్వుకుంటూ.

సాయంత్రం ఆ పిల్లే మళ్ళీ ఫోను చేసింది. "ఒక్క ఫోటో తీసి పెట్టండి మావయ్యా, ఎలా ఉందో చూసుకుంటాను."

"తీసి పెట్టాం. మా ఫోన్లో భద్రంగా ఉంది, ఎవరికీ చూపించం."

"అయ్యో... సరే, మీ మీదే భారం. ఆ లోకం మాత్రం కళ్ళకు కట్టినట్టుండాలి. పిల్లల్ని కట్టిపడేయాలి! లేకపోతే నా బతుకు ఐసు గడ్డే!"

మేనకోడలంటే వాళ్ళకు నిజంగానే ప్రాణం. "కళ్ళకు కట్టాలట" అన్నాడు తాతబ్బాయి. వెంటనే రాకుమారుడి కళ్ళకు గంతలు కట్టారు. "పిల్లల్ని పెట్టెలో వెతికాను, లేరన్నయ్యా" అన్నాడు బులిరాజు. "పిచ్చివాడా, పిల్లలుండేది సంతలో. తువ్వాళ్ళు పట్టుకురా!"

ఆదివారం కాకినాడలో ఏ పిల్లాడు ఆడదామని వచ్చినా సరే, అలా కూర్చోవడం, ఇలా నడుముకు తువ్వాలేసి కుర్చీకి కట్టేయడం. తల్లులు లబలబలాడారు. పిల్లలు మాత్రం అదీ ఆటలో భాగమే అనుకున్నారు! తెర మీద గంతల రాకుమారుడు వెళ్ళి ఏటి కట్టకు గుద్దుకున్నాడు. కట్ట విడిపోయి నీళ్ళు బుస్సున వచ్చాయి. ఆ నీళ్ళకు కోట తాడు మీద దూడలా గెంతడం మొదలుపెట్టింది. కట్లు విప్పినా ఒక్క పిల్లాడూ కుర్చీ దిగలేదు.

కంపెనీ పెద్దాయన కళ్ళజోడు తీసి కన్నీళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. "ఇలాంటి లోకం నేనెక్కడా చూడలేదు! ఆ అమ్మాయిని రేపే మా ఆఫీసుకు రమ్మనండి" అని, తనే కుర్చీలో కూర్చుని ఆట మొదలుపెట్టాడు.

ఈ మాట ఫోన్లో చెప్పగానే ఇందుమతి ఆనందంతో ఏడ్చేసింది. "మా బంగారు మావయ్యలు! ఇక కట్టేసి, ఆయనకో మాట చెప్పి వచ్చేయండి. బస్సు తప్పిపోతుంది."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "దేన్ని కట్టేయాలి?" అన్నాడు సూరన్న. "ఫ్యానా?"

"ఫ్యాను అంత ఎత్తున ఉంటే ఎలా అందుతుందిరా? కోటను కట్టాం, ఏటిని కట్టాం, కళ్ళు కట్టాం, పిల్లల్నీ కట్టాం. ఇంకా కట్టనివాళ్ళెవరున్నారో చూడు."

చూశారు. అంతే!

వాళ్ళ బస్సు సామర్లకోట దాటుతుండగా ఇందుమతి మళ్ళీ ఫోను చేసింది. "కట్టేశారా మావయ్యా?"

"ఓ, గట్టిగా."

"ఆయనకు చెప్పారా?"

"చెప్పాం. ముందు నవ్వాడు. మేం బయల్దేరుతుంటే మాత్రం ఏదో అరిచాడు, బస్సు హారన్లో వినపడలేదు."

"సరేలెండి. రేపు పొద్దున్నే తొమ్మిదింటికల్లా ఆయన ఆఫీసులో ఉంటాను."

"ఆఫీసుకెందుకమ్మడూ? తిన్నగా సంతకే వెళ్ళు, తొందరేం లేదు" అన్నాడు తాతబ్బాయి, సీట్లో తీరిగ్గా వెనక్కి వాలుతూ. "నువ్వు వెళ్ళి విప్పేదాకా ఆయన ఎక్కడికీ కదలడు."