ఎవరూ వినని మూడో చరణం

కాళ్ళు లోపలికి పెట్టుకో. దుప్పటి గడ్డం దాకా లాక్కో. ఈ కథలో దుప్పటితో పని ఉంది.

అనగనగా ఒక ఊరు. ఊరి చుట్టూ తమలపాకుల తోటలు. పట్టపగలు కూడా ఆ తోటల్లో పచ్చటి చీకటి ఉండేది. ఆ ఊళ్ళో వరాలమ్మ అని ఒకావిడ. ఆవిడ పెనిమిటికి ఒక ఆకుతోట, ఒక చుక్కలావు, ఒక జత భజన తాళాలు ఉండేవి. ఆ తాళాలు నడుముకి కట్టుకుని తిరిగేవాడని ఊరంతా ఆయన్ని తాళాలయ్య అనేవాళ్ళు.

అసలు పేరేంటంటావా? చివర్లో చెప్తాను. వరాలమ్మే ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. మొగుడి పేరు పెళ్ళాం నోట వస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని ఆ రోజుల్లో అనేవాళ్ళు. అందుకని "ఇదిగో" అనేది. "ఏమయ్యోవ్" అనేది. మరీ తోట చివర ఉంటే చెంబు మీద గరిటె పెట్టి కొట్టేది.

"ఒక్కసారి పేరు పెట్టి పిలవ్వే, ఎలా ఉంటుందో వింటాను," అనేవాడు ఆయన.

"పిలుస్తాలే. ముందు నూరేళ్ళు బతుకు," అనేది ఆవిడ.

తాళాలయ్యకి దేవుడంటే ప్రాణం. పాటంటే ప్రాణం. ఇంట్లోవాళ్ళంటే ప్రాణం. తెల్లారగానే చెప్పులు విడిచి, పాడుకుంటూ తోటలోకి వెళ్ళేవాడు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని ఆకులు కట్టలు కడుతూ పాడేవాడు. పొద్దు వాలి, అందరూ తిని పక్కలు వేసుకున్నాక దేవుణ్ణి పడుకోబెట్టేవాడు.

దేవుడి గూట్లో వేలెడంత కృష్ణుడు. ఆ కృష్ణుడికి ఒక చిన్న కర్ర ఉయ్యాల. ఆయన దాని తాడు లాగుతూ జోల పాడేవాడు. జోలకి మూడు చరణాలు. మొదటిది ఇదీ:

పొద్దు వాలె సామీ, పిట్ట గూడు చేరె,
ఏటి మీద ఎర్రరంగు మెల్లమెల్ల జారె.

ఆ తర్వాత రెండోది:

తోట మూగబోయె సామీ, గాలి కాలు ముడిచె,
చుక్కలావు నెమరు మాని చెవులు కిందికి విడిచె.

మూడోది మాత్రం అప్పట్లో ఎవరికీ తెలీదు. ఆయన గొంతు అలాంటిది. రెండో చరణం అయ్యేసరికి ఇంట్లో ఒక్క కన్ను కూడా తెరిచి ఉండేది కాదు. ఆ తర్వాత ఆయన లేచి, ఒక్కొక్కరి పక్క దగ్గరా ఆగి, జారిన దుప్పటి పైకి లాగి, దీపం తగ్గించేవాడు. అది కూడా ఎవరూ చూసింది లేదు. దుప్పటిని బట్టి తెలిసేది, అంతే.

కొన్నాళ్ళకి కొడుకు పైడిరాజుకి ఆడపిల్ల పుట్టింది. బారసాల చేసి నీలవేణి అని పేరు పెట్టారు. ఆ పూట కూడా తాళాలయ్య జోల మొదలుపెట్టాడు. రెండో చరణం అయింది. అందరూ నిద్రపోయారు.

పొద్దున్న లేచి చూస్తే ఆయన ఉయ్యాల దగ్గర కూర్చునే ఉన్నాడు. తాడు చేతిలోనే ఉంది. చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

ఏడ్చారు. చేయాల్సినవన్నీ చేశారు. చుట్టాలు వెళ్ళిపోయారు. అప్పుడు మొదలైంది.

మొదట ఉయ్యాల. పొద్దు వాలగానే కిర్రు, కిర్రు అని ఊగేది. గాలి లేదు, ఎలుక లేదు. పైడిరాజు తాడు తీసి మేకుకి కట్టాడు. మర్నాడు తాడు విప్పి ఉంది, ఉయ్యాల ఊగుతోంది.

ఆ తర్వాత దుప్పట్లు. నిద్రలో తన్నేసిన దుప్పటి తెల్లారేసరికి గడ్డం దాకా కప్పి ఉండేది.

"నువ్వు కప్పావా?" అని వరాలమ్మ కోడలు కన్నమ్మని అడిగింది.

"నాకే ఎవరో కప్పారు అత్తా," అంది కన్నమ్మ.

ఆ తర్వాత పిల్ల. నీలవేణి నిద్రపోవడం మానేసింది. ఏడుపు లేదు. కళ్ళు తెరుచుకుని చూసేది. చూపు ఉయ్యాల దగ్గర మొదలై, పైడిరాజు పక్క దగ్గర ఆగి, కన్నమ్మ పక్క దగ్గర ఆగి, తన మీదికి వచ్చేది. మళ్ళీ ఉయ్యాల దగ్గరికి వెళ్ళేది. అక్కడ ఎవరో తిరుగుతున్నట్టూ, ఆ తిరగడం ఎప్పటికీ అయిపోనట్టూ. పాలు తాగదు. బుగ్గలు లోపలికి పోయాయి. వైద్యుడు నాడి చూసి, "నిద్ర పడితే పిల్ల దక్కుతుంది, లేకపోతే నా చేతిలో లేదు," అనేశాడు.

అప్పుడు వరాలమ్మకి ఒకటి తట్టింది. జోల సగంలో ఆగిపోయింది. మూడో చరణం పడితేగాని ఈ ఇల్లు పడుకోదు.

భజనల్లో ఆయన పక్కన పాడే గవరయ్యని పిలిపించింది. గవరయ్యకీ ఆ చరణం రాదు. అయినా గొంతు సవరించుకుని సొంతంగా ఒకటి అల్లి పాడాడు. ఉయ్యాల గోడకి కొట్టుకునేంత జోరుగా ఊగింది. గవరయ్య ఉత్తరీయం భుజాన వేసుకుని లేచాడు.

"బతికుండగా నా పాట ఒప్పుకోలేదు వదినా. ఇప్పుడూ ఒప్పుకోడు," అని ఇటూ అటూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు ముగ్గురూ అరుగు మీద కూర్చుని ఆకులు కట్టలు కడుతున్నారు. వరాలమ్మ ఉన్నట్టుండి అంది, "పెళ్ళయిన కొత్తలో ఒకసారి, కళ్ళు మూతలు పడుతుంటే ఆయన పాటలో నా పేరు వినిపించింది. సిగ్గేసి అడగలేదు. కల అనుకున్నాను."

పైడిరాజు చేతిలో కట్ట ఆగిపోయింది. "నాకూ వినిపించిందమ్మా. నా పేరు. చిన్నప్పుడు."

"నాకు జ్వరం వచ్చినప్పుడు," అంది కన్నమ్మ. "మావయ్య నా పేరు పాడారు. జ్వరంలో అలా అనిపించిందనుకున్నా."

ఎవరి పేరు వాళ్ళు విని నిద్రపోయారు. రెండో పేరు వినడానికి ఎవరూ మేలుకుని లేరు. ఇన్నేళ్ళూ అది తన కల అని ఎవరికి వాళ్ళే దాచుకున్నారు. మూడో చరణమంటే ఇంట్లోవాళ్ళ పేర్లే. ఫలానావాళ్ళు పడుకున్నారు సామీ అని దేవుడికి ఒక్కొక్కరినీ అప్పజెప్పి, ఆ తర్వాతే దేవుణ్ణి పడుకోమనేవాడు. నీలవేణి పేరు చేర్చాల్సిన పూటే ఆయన ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం వరాలమ్మ ఉయ్యాల ముందు కూర్చుంది. ఆవిడకి గొంతు లేదు. తోటలో ఆవుని అదిలించే గొంతు. ఆ గొంతుతోనే మొదలుపెట్టింది. మొదటిది పాడింది. రెండోది పాడింది. ఆ తర్వాత,

పైడిరాజు నిద్దరోయె సామీ,
కన్నమ్మ నిద్దరోయె సామీ,
నీలవేణి నిద్దరోయె సామీ...

పిల్ల రెప్పలు వాలాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. చూపు వరాలమ్మ భుజం మీంచి వెనక్కి వెళ్ళి అక్కడే ఆగింది. ఉయ్యాల ఊగుతూనే ఉంది.

"అత్తా, ఇంకో పేరుంది," అంది కన్నమ్మ.

వరాలమ్మకి తెలుసు. అందరినీ పడుకోబెట్టిన మనిషిని ఎవరూ పడుకోబెట్టలేదు. ఆ మనిషే ఇంకా తిరుగుతున్నాడు.

"నేను పిలుస్తానమ్మా," అని పైడిరాజు తండ్రి పేరు పలికాడు. ఉయ్యాల క్షణం ఆగింది. మళ్ళీ కిర్రుమంది.

"నిన్ను కదా పిలవమన్నది, అత్తా."

"నా నోట వస్తే ఆయన ఆయుష్షు..."

"ఇంకెక్కడి ఆయుష్షు, అత్తా?" అంది కన్నమ్మ, మెల్లగానే.

అది వరాలమ్మకి తెలియని సంగతి కాదు. కానీ ఆ పేరు పలికితే ఆయన పోయాడని తన నోటితో ఒప్పుకున్నట్టే. పలకనన్నాళ్ళూ ఉయ్యాల ఊగుతుంది, దుప్పటి పైకి వస్తుంది, మనిషి ఇంట్లోనే ఉంటాడు. ఆవిడ పిల్ల వంక చూసింది. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. తాడు గట్టిగా పట్టుకుంది.

కూర్మయ్య నిద్దరోయె సామీ,
ఇక నువ్వూ పడుకో సామీ.

మేకుకి వేలాడుతున్న తాళాలు ఒక్కసారి కలిసి, టింగుమని మోగి ఊరుకున్నాయి. భజన అయిపోయాక ఆయన అలాగే మోగించేవాడు. ఉయ్యాల నిలిచిపోయింది. నీలవేణి కళ్ళు మూసుకుంది. పైడిరాజు గోడకి ఆనుకునే నిద్రపోయాడు. కన్నమ్మ పిల్ల పక్కనే ఒరిగిపోయింది.

ఇంట్లో మేలుకుని ఉన్నది వరాలమ్మ ఒక్కతే. పాడేవాళ్ళ పేరు ఎవరు పాడతారు? ఆవిడ దీపం తగ్గించి పడుకుంది. అలసటతో దుప్పటి కూడా కప్పుకోలేదు. రెప్పలు బరువెక్కుతున్నాయి.

అప్పుడు ఉయ్యాల దగ్గర్నుంచి, ఎవరూ లేని చోటు నుంచి, బాగా తెలిసిన గొంతు వచ్చింది.

వరాలు నిద్దరోయె సామీ.

ఆ తర్వాత ఇంకేమైనా పాడాడేమో ఆవిడకి తెలీదు. నిద్రపోయింది.

తెల్లారి చూసుకుంటే దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది. అదే ఆఖరు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరి దుప్పటీ దానంతట అది పైకి రాలేదు. ఎవరిది వాళ్ళు లాక్కోవాల్సిందే. అందుకే నిన్ను ముందే లాక్కోమన్నాను.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
పేరు చేరె సామికి,
పాప చేరె పక్కకి.