పోకచెక్కకి పరామర్శ

ముందు ఒక్క మాట. నా కంటి మీద పట్టీ ఎవరూ ముట్టుకోకూడదు. కింద ఎలా ఉందో చూస్తామని ఇందాకణ్ణించీ ఇద్దరూ వేళ్ళు చాపుతున్నారు. డాక్టరు పట్టీ వేసింది మీరు విప్పి చూడ్డానికి కాదు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరికీ నా ఆపరేషన్ సంగతి చెప్పి చెప్పి గొంతు పోయింది నాకు. అయినా కథ చెప్పకపోతే మీరు పడుకోరుగా. లాస్యా, నువ్వు కాళ్ళవైపుకి జరుగు. తేజూ, ఊ కొట్టడం నీ వంతు. నువ్వు ఊ కొట్టడం మానేసిన చోట నేనూ ఆపేస్తాను, తరవాత నన్ననకు.

అనగా అనగా, వడ్ల వాసన వేసే ఒక రాజ్యం. పేరు పెసరపాడు. ఎటు చూసినా గాదెలు, పాతర్లు, ధాన్యం కొట్లు. ధాన్యం ఉన్నచోట ఎలకలు ఉంటాయిగా, అందుకని ఇంటికో బోను, వీధికో పిల్లి. రాజుగారి కోటలో అయితే బోనులు పెట్టడానికే ఒక ఉద్యోగి, ఆ ఉద్యోగి మీద ఒక అధికారి. ఆ కోటకి కోడలుగా వచ్చింది చంద్రవంక.

వచ్చింది సరే, వచ్చి ఏం చెయ్యాలి? మామగారు, అంటే రాజుగారు, ఎప్పుడూ సభలో. అత్తగారు గోమతీదేవి ఎప్పుడూ వచ్చేపోయేవాళ్ళతో. మొగుడు వేటకి వెళ్తే వేట, వేట నుంచి వస్తే వేట కబుర్లు. ఈ పిల్లతో మాట్లాడే దిక్కు లేదు. ఒకనాడు బియ్యం చాటలో ఎలకపిల్ల ఒకటి, ఇంకా కళ్ళు కూడా తెరవంది, పడి కొట్టుకుంటూ కనిపించింది. న్యాయంగా బోనుల అధికారికి అప్పజెప్పాలి. అప్పజెప్పలేదు. దూది వత్తితో పాలు పట్టి పెంచింది. అది పెరిగి గోధుమరంగులో గుండ్రంగా తయారైతే పోకచెక్క అని పేరు పెట్టుకుంది. అది చంద్రవంక భుజం మీద కూర్చుని, చెవి దగ్గర మూతి పెట్టి, ఆ పిల్ల చెప్పిందంతా వినేది. ఆ కోటలో ఆ పిల్ల మాట చివరిదాకా విన్నది అదొక్కటే.

అత్తగారు చూసి గగ్గోలు పెట్టింది, ఎలక ఇంట్లో ఉండడానికి వీల్లేదంది. రాజుగారు ఆలోచించి ఆలోచించి, వినాయకుడి వాహనం కదా, ఉండనివ్వండి అన్నారు. మరి వంటింట్లో తిరిగేవి ఎవరి వాహనాలు అని ఎవరూ అడగలేదు. రాజుగార్ని ఎవరడుగుతారు? అలా కోటలో ఒక ఎలక్కి దణ్ణం, మిగతావాటికి బోను. ఊ కొట్టరా.

కొన్నాళ్ళకి పోకచెక్క పొట్ట కింద గడ్డ లేచింది. ముందు కందిగింజంత, తరవాత శనగగింజంత, ఆ తరవాత ఉసిరికాయంత. నడుస్తుంటే నేలకి రాసుకునేది. చంద్రవంకకి అన్నం సయించలేదు. మామగారి దగ్గరికి వెళ్ళి ఏడిస్తే, ఆయన కోత వైద్యం చేసే కన్నయాచారి గారిని పిలిపించారు. కన్నయాచారి గారు సైన్యంలో కత్తిపోట్లు కుట్టే మనిషి. ఎలకని చూశారు, రాజుగారిని చూశారు, మళ్ళీ ఎలకని చూశారు, ఇంక తప్పదని కత్తి సానబెట్టుకున్నారు. ఏదో మత్తుమందు వాసన చూపించి, గడ్డ కోసేసి, పట్టుదారంతో కుట్లు వేసి, చంద్రవంకని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు.

వెచ్చగా ఉంచాలి. ఊకా పొట్టూ పనికిరావు, కుట్లలో దూరతాయి, మెత్తని పాతచీర ముక్కలు పరవాలి. పల్చని జావ వేలికి రాసి నాకించాలి. పళ్ళతో కుట్లు పీక్కోకుండా కనిపెట్టుకుని ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని బెదరనివ్వకూడదు. ఎలక నొప్పినైనా ఓర్చుకుంటుంది కానీ భయాన్ని ఓర్చుకోలేదు అని చెప్పి వెళ్ళారు.

చంద్రవంక తన పాతచీర చించి వెదురుబుట్టలో పరిచి, పైన పల్చని గుడ్డ కప్పింది. కిటికీ తలుపులు దగ్గరగా వేసి, బుట్ట పక్కనే కూర్చుంది. సాయంత్రానికి పోకచెక్క కళ్ళు తెరిచి రెండు చుక్కల జావ నాకింది. ఆ పిల్ల ఎంత సంతోషపడిందో నేను చెప్పలేను.

ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. పెసరపాట్లో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ఊరు ఊరంతా చూడ్డానికి రావాలి. రాకపోతే ఆ రెండిళ్ళకీ ఇంక మాటల్లేవు. వచ్చినవాళ్ళు ఉత్తచేతుల్తో రాకూడదు, నిలబడి వెళ్ళకూడదు, రోగిని కళ్ళారా చూడకుండా అసలే వెళ్ళకూడదు. ఇంటివాళ్ళేమో జబ్బు మొదలైన దగ్గర్నించీ చెప్పుకు రావాలి. ఒకరికి చెప్పింది పక్కనున్నవాళ్ళు విన్నా సరే, వాళ్ళకి మళ్ళీ విడిగా చెప్పాలి. మనూరు మాత్రం తక్కువా అంటారా? నేనేమీ అనలేదమ్మా.

రోగి ఉన్నది కోటలో. మనిషా, ఎలకా అని ఎవరు చూస్తారు? రాణిగారి కంట పడడానికి అంతకన్నా మంచి సాకు దొరుకుతుందా?

మర్నాడు పొద్దున్నే మంత్రిగారు వచ్చారు. గుడ్డ తీశారు, చూశారు, చ్చొచ్చొచ్చొ అన్నారు, కూర్చున్నారు. ఆయన వెనకాలే మంత్రిగారి భార్య వచ్చింది. గుడ్డ తీసింది, చూసింది, చ్చొచ్చొచ్చొ అంది, కూర్చుంది. మంత్రిగారి భార్య వెళ్ళిందని సేనాపతి భార్య, సేనాపతి భార్య వెళ్ళిందని కోశాధికారి భార్య, కోశాధికారి భార్య వెళ్ళిందని ఆవిడ తోడికోడలు, తోడికోడలు వెళ్ళిందని ఆ తోడికోడలితో మాటల్లేని ఆడపడుచు. అందరూ గుడ్డ తీశారు, చూశారు, చ్చొచ్చొచ్చొ అన్నారు, కూర్చున్నారు. బత్తాయిలు తెచ్చినవాళ్ళు బత్తాయిలు, బూరెలు తెచ్చినవాళ్ళు బూరెలు. ఒకావిడ పాపం ఎంత చిక్కిపోయిందో అంది, అంతకుముందు దాని మొహం ఎప్పుడూ చూసి ఎరగదు. ఒకాయన మా బాబాయికి కూడా ఇలాగే పొట్ట కింద గడ్డ లేచింది, ఇలాగే కోశారు, పోయాడు అని ధైర్యం చెప్పాడు. ఆఖరికి బోనుల అధికారి కూడా కళ్ళు ఒత్తుకుంటూ వచ్చాడు. ఆయన వాసన తగిలేసరికి పోకచెక్క చీర ముక్కల అడుక్కి దూరిపోయింది.

రాజుగారు సభ మొత్తాన్నీ వెంటబెట్టుకుని వచ్చారు. త్వరగా కోలుకుంటే ఒక ధాన్యం కొట్టు రాసిస్తానని ఎలక్కి మాటిచ్చారు. ఏం ఔదార్యం, ఏం ఔదార్యం అని సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకి ఎలక ఎగిరిపడి ఒక కుట్టు తెగింది.

చంద్రవంక అత్తగారి దగ్గరికి పరిగెత్తి, గాయం ఆరేదాకా ఎవర్నీ రానివ్వకండి అని బతిమాలింది. గోమతీదేవి అదేం మాట అన్నట్టు చూసింది. వచ్చినవాళ్ళని గుమ్మంలోంచి పంపించేస్తే రేపు మనింట్లో ఎవరికైనా ఏదైనా అయితే పలకరించే దిక్కు ఉండదు, మర్యాద మర్యాదే, మనిషికైనా ఎలక్కైనా అంది. ఎలక ఇంట్లో ఉండడానికి వీల్లేదన్నదీ ఈవిడే, ఆ ఎలకని చూడ్డానికి వచ్చినవాళ్ళకి పట్టుచీర కట్టుకుని ఎదురెళ్తున్నదీ ఈవిడే. తేజూ, నవ్వితే సరిపోదు, ఊ కొట్టు.

ఆ మధ్యాహ్నం రాజుగారి మేనత్త దిగింది. పెద్దావిడ, పాపం పొరుగూరి నుంచి పల్లకీలో ఎగురుకుంటూ వచ్చింది. చంకలో పిల్లి. ఒక్కదాన్నీ ఇంట్లో వదిలి రాలేకపోయాను, చాలా మర్యాద తెలిసిన పిల్లి అని చెప్పింది. మేనత్త గుడ్డ తీసింది, చూసింది, చ్చొచ్చొచ్చొ అంది. పిల్లి కూడా చూసింది. అది చ్చొచ్చొచ్చొ అనలేదు. మూతి నాక్కుంది.

చంద్రవంక బుట్ట మీద పడి అడ్డం కాచింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మీరు ఈపాటికి పడుకుని ఉందురు. కానీ పోకచెక్క బెదిరిపోయింది. జావ ముట్టలేదు. ఒళ్ళు చల్లబడింది. కళ్ళ చుట్టూ ఎర్రగా నీరు కారింది. ఎలకలంతే, బెంగ పెట్టుకుంటే వాటి కన్నీళ్ళు ఎర్రగా వస్తాయి. నెత్తురు కాదది, చూడ్డానికి నెత్తుర్లా ఉంటుంది. కన్నయాచారి గారు వచ్చి, తెగిన కుట్టు మళ్ళీ వేసి, చేతులు కడుక్కుంటూ అన్నారు.

"అమ్మా, నా వైద్యానికి ఇది బతుకుతుంది. మీ మర్యాదలకి బతకదు."

చంద్రవంక ఏడవలేదు. ఏడిస్తే దానికి కూడా చూడ్డానికి వస్తారు. లేచి పెరట్లోకి వెళ్ళి పచ్చని వేపమండ విరుచుకొచ్చింది. తన గది గుమ్మానికి కట్టింది. గడప ముందు పసుపు నీళ్ళు చల్లింది. లోపలికి వెళ్ళి బుట్ట పక్కన కూర్చుంది. అంతే. నోరు విప్పి ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు.

మీకేం తెలుసు వేపమండ సంగతి. మా రోజుల్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, అదేరా, ఒళ్ళంతా పొక్కులు లేస్తాయే, మీ అమ్మకి కూడా చిన్నప్పుడు పోసింది, అప్పుడు గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళం. అది కనిపిస్తే పోస్టుమాన్ కూడా ఉత్తరం అరుగు మీద పెట్టేసి పోయేవాడు. బయటివాళ్ళు గడప తొక్కకూడదు, ఇంట్లోవాళ్ళు గట్టిగా మాట్లాడకూడదు, వంటింట్లో పోపు వెయ్యకూడదు. వేస్తే అమ్మవారికి కోపం వస్తుంది.

సాయంత్రం సేనాపతి గారి వియ్యపురాలు బుట్టెడు జామకాయలతో వచ్చింది. వేపమండ చూసింది. తలుపు సందులోంచి పోకచెక్క ఎర్రని కళ్ళు చూసింది. జామకాయలు అక్కడే వదిలేసి, చెంపలు వేసుకుంటూ పోయింది. దీపాలు పెట్టే వేళకి ఊరంతా ఒకటే మాట, కోటలో ఎలక్కి అమ్మవారు పోసిందట. అబద్ధం కదా అమ్మమ్మా అంటావేమిటే లాస్యా? ఆ పిల్ల ఎక్కడ ఆడింది అబద్ధం? మండ కట్టింది. గుమ్మానికి వేపాకు మంచిదే.

ఆ తరవాత చూడాలి కోట. బాకాలు ఆగిపోయాయి. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు అందరూ. పోపు లేని పప్పు, చప్పిడి కూర, రాజుగారు నోరు మెదపకుండా తిన్నారు. ఏ ఎలకలో ఏ అమ్మవారు ఉందో అని బోనుల అధికారి కోటలో బోనులన్నీ ఎత్తేశాడు, వంటింటి ఎలకలకి పండగే పండగ. మేనత్త అయితే తప్పు కాయమని పిల్లిని చంకలో పెట్టుకుని గుడి చుట్టూ తిరిగింది. ఎవరిలో ఉన్న భక్తి వాళ్ళకి అప్పుడు గుర్తొచ్చింది.

గదిలో మాత్రం చప్పుడు లేదు. చంద్రవంక ఉంది, బుట్ట ఉంది. వేలికి జావ రాసి పెడితే మొదట అది మొహం తిప్పుకుంది. తరవాత ఒక చుక్క నాకింది. ఇంకో పూట ఇంకొంచెం. ఒక పొద్దున్న జావంతా నాకేసి, ఆ వేలిని రెండు చేతుల్తో పట్టుకుని, చిన్నప్పటిలాగా అలాగే నిద్రపోయింది. అప్పుడేడ్చింది చంద్రవంక. కడుపారా ఏడ్చింది. చూడ్డానికి ఎవరూ రాలేదు.

గాయం ఆరింది, కుట్లు విప్పారు, పొట్ట మీద కొత్త బొచ్చు మొలిచింది. చంద్రవంక వేపాకు నీళ్ళు నాలుగు చుక్కలు దాని మీద చిలకరించి మండ విప్పేసింది. ఊరంతా పానకం పంచుకున్నారు. రాజుగారు ఇస్తానన్న ధాన్యం కొట్టు ఏమైందంటారా, అది వంటింటి ఎలకలు అప్పటికే తీసేసుకున్నాయి.

తేజూ, ఊ ఏదిరా? అయిపోయిందనుకున్నావా? అసలు సంగతి ఇంకా ఉంది.

ఆ యేడు ఎండలు ముదిరేసరికి గోమతీదేవికి వీపు మీద సెగ్గడ్డ లేచింది. కన్నయాచారి గారే కోసి, కట్టు కట్టి, బోర్లా పడుకోబెట్టారు. ఇంకేముంది. మంత్రిగారి భార్య వచ్చింది. గుడ్డ తీసింది, చూసింది, చ్చొచ్చొచ్చొ అంది, కూర్చుంది. సేనాపతి భార్య, కోశాధికారి భార్య, తోడికోడలు, ఆ ఆడపడుచు, అందరూ గుడ్డ తీశారు, చూశారు, చ్చొచ్చొచ్చొ అన్నారు, కూర్చున్నారు. ఒకావిడ ఎలక్కి కోసింది కూడా ఈయనేగా, దానికి బాగానే తగ్గిందిలెండి అని ఓదార్చింది. ఇంతలో మేనత్త పల్లకీ బయల్దేరిందని కబురొచ్చింది.

గోమతీదేవి మొహం తలగడలో పెట్టుకుని, పళ్ళు బిగించి, వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట్నించీ చెప్పుకొచ్చింది. మర్యాద కదా. ఎవరూ లేని కాస్త సందు చూసుకుని చంద్రవంక జావ పట్టుకెళ్ళేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి. కోడలి కొంగు పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఆ వేపమండ ఉందా?"

చంద్రవంక జావ గిన్నె కింద పెట్టేసింది. "ఎండిపోయింది అత్తయ్యగారూ."

"పచ్చిది విరుచుకురా."

అయితే మీకు అప్పుడే తెలుసా అని అడిగింది ఆ పిల్ల. అమ్మవారు పోస్తే ఒళ్ళంతా పోస్తుందే, పొట్ట మీద పట్టుదారంతో కుట్లు వేసి పోదు అంది అత్తగారు. మరి ఎవరితోనూ అనలేదేమని అడిగితే, ఆవిడ మొహం తలగడవైపు తిప్పుకుని చెప్పింది.

"నేనీ కోటకి కోడలిగా వచ్చాక మధ్యాహ్నం పూట కాస్త నడుం వాల్చింది నీ గుమ్మానికి ఆ మండ ఉన్న నాలుగు రోజులే."

చంద్రవంక వెళ్ళి మండ విరుచుకొచ్చి గుమ్మానికి కట్టింది. మేనత్త పల్లకీ గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. గదిలో అత్తాకోడళ్ళు ఇద్దరే. చంద్రవంక తను ఇన్నాళ్ళూ ఎలకతో చెప్పుకున్నవన్నీ మొదట్నించీ చెప్పింది, ఆవిడ పడుకునే వింది. పోకచెక్క చంద్రవంక భుజం మీంచి దిగి వెళ్ళి తలగడ ఎక్కి ఆవిడ జావ ఎంగిలి చేసింది. ఆవిడ దాన్ని కసిరి, మిగిలింది తాగేసింది.

అందుకే చెబుతున్నా. ఒంట్లో బాగాలేనివాళ్ళని చూడ్డానికి వెళ్ళాలి, వెళ్ళకపోతే మనుషులం ఎందుకు. గుమ్మంలోంచి పలకరించి, జావో గంజో ఇచ్చి వచ్చేయాలి. గుడ్డ మాత్రం తియ్యకూడదు. సరే, కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.

ఆగరా, ఇంకొక్క మాట. రేపు మీ తాతయ్య చెల్లెలు వాళ్ళ ఇంటిల్లిపాదినీ వ్యాన్లో వేసుకుని నన్ను చూడ్డానికి వస్తోందిట. తేజూ, పొద్దున్నే లేచి, పెరట్లో వేపచెట్టుకి నీకు అందిన కొమ్మ ఏదో ఒకటి విరిచి మన గేటుకి కట్టేసెయ్. ఎవరైనా అడిగితే ఏమీ చెప్పకు.