లింగన్న బిగించిన ఊపిరి

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు తిరిగే చోట, ఒక పెద్ద విప్పచెట్టు ఉండేది. ఆ చెట్టు మీద లింగన్న అనే కొండముచ్చు కాపురం. కింద పచ్చికలో చుక్కల దుప్పులు మేసేవి. వాళ్ల మధ్య ఒక ఒప్పందం ఉంది. ఎవరి తాతలనాటిదో ఎవరికీ తెలీదు. దుప్పి తల వంచి మేస్తుంది, కొండముచ్చు పైనుంచి కాపలా కాస్తుంది. చిరుతపులి కనబడిందా, "ఖక్, ఖక్" అని అరుస్తుంది. ఆ కేక వినబడితే మంద మొత్తం పరుగే పరుగు. మరి కొండముచ్చుకేం లాభం అంటారా? దుప్పి ముక్కు చురుకైనది. గాలిలో పులి వాసన తగిలితే కాలు నేలకేసి కొట్టి పైవాళ్లకి చెబుతుంది. అలా ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని బతికేవాళ్లు.

దుప్పుల్లో మచ్చక్క అంటే లింగన్నకి ఎంతో ఇష్టం. ఆమెకి ఒక చిన్న పిల్ల ఉంది, దాని పేరు గురివి. లింగన్న లేత ఆకులు తుంచి వాళ్లకోసం కింద పడేస్తుండేవాడు.

లింగన్న మంచివాడే, కాకపోతే ఒట్టి కంగారు గొడ్డు. ఆకు రాలినా గుండె దడదడలాడేది. లేని పులికి కూడా కేకలు పెట్టేవాడు. పాపం మచ్చక్క, పిల్లని తీసుకుని ఆమడదూరం పరుగెత్తి, ఆయాసపడుతూ తిరిగొచ్చేది. లింగన్నకి తలకొట్టేసినట్టుండేది.

"ఉత్తినే అరిచినా నాకు ఫరవాలేదు తమ్ముడూ. అరవకపోతేనే ఇబ్బంది" అనేది మచ్చక్క.

అయినా లింగన్నకి మనసు ఊరుకోలేదు. వాగులో డిప్పయ్య అనే ముసలి తాబేలు ఉండేవాడు. పెద్ద యోగి. లింగన్న వెళ్లి, "తాతా, ఈ గుండెదడ తగ్గే దారేదైనా చెప్పు" అని అడిగాడు.

డిప్పయ్య తాత ముందు ఊపిరి మెల్లగా తీయడం, అంతకన్నా మెల్లగా వదలడం నేర్పాడు. చాన్నాళ్లకి గానీ తర్వాతి పాఠం చెప్పలేదు. "ఊపిరంతా బయటికి వదిలెయ్యి. అలా ఖాళీగా నిలుపు. దీన్నే కుంభకం అంటారు. ఆ తర్వాత మూడు బంధాలు. కూర్చున్న చోట అడుగునుంచి బిగించడం మూలబంధం. పొట్టని వెన్నుకి అంటుకునేలా లోపలికి లాగడం ఉడ్డియానబంధం. గడ్డం రొమ్ముకి ఆనించి గొంతు మూయడం జాలంధరబంధం. విడిచేటప్పుడు తొందర వద్దు, ఒక్కొక్కటే విప్పాలి" అన్నాడు.

తర్వాత లింగన్న మొహంలోకి సూటిగా చూశాడు. "ఖాళీ కడుపుతోనే చెయ్యి నాయనా. ఉక్కిరిబిక్కిరి అయ్యేదాకా సాగదియ్యకు. అన్నిటికన్నా ముఖ్యం, కాపలాలో ఉండగా చెయ్యకు. గడ్డం వంచావా, చూపు పోతుంది. గొంతు మూశావా, కేక పోతుంది. నిన్ను నమ్ముకున్నవాళ్లకి కావలసినవి ఆ రెండే."

"అలాగే తాతా" అన్నాడు లింగన్న.

కొన్నాళ్లకి దడ తగ్గింది. లేని పులికి కేకలు ఆగిపోయాయి. మంద కడుపునిండా మేసింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కానీ లింగన్న సాధన చేస్తుంటే గోరింకలు చూశాయి. వాటి నోళ్ల సంగతి మీకు తెలుసుగా, అడవంతా చాటేశాయి. "ఊపిరి లేకుండా కూర్చుంటాడట! రాయిలా కదలడట!" ఉడుతలొచ్చి చూశాయి, నెమళ్లొచ్చి చూశాయి. కంగారు గొడ్డు అని నవ్వినవాళ్లే ఇప్పుడు "లింగన్నగారూ" అంటున్నారు. లింగన్నకి ఆ మాట తేనెలా తగిలింది.

ఒకరోజు పొద్దు వాలే వేళ. కింద మచ్చక్క, గురివి మేస్తున్నారు. కాపలా లింగన్నదే. అప్పుడే పొరుగు అడవినుంచి కొత్త గోరింకలు వచ్చి కొమ్మల నిండా వాలాయి.

"ఏదీ, ఒక్కసారి చూపించండి. చీకటి పడేలోగా మేం గూటికి పోవాలి" అన్నాయి.

లింగన్నకి తాత మాట గుర్తుకొచ్చింది. కిందికి చూశాడు. పచ్చిక ప్రశాంతంగా ఉంది.

"తమ్ముడూ, చూస్తున్నావు కదా?" అంది మచ్చక్క.

"చూస్తున్నానక్కా" అన్నాడు.

అని, ఊపిరంతా వదిలేశాడు. అడుగు బిగించాడు. పొట్ట లాగాడు. గడ్డం రొమ్ముకి ఆనించాడు. గోరింకలు గప్‌చుప్‌గా చూస్తున్నాయి.

పొదల్లో ఏదో సరసరలాడింది. లింగన్న చెవికి అది తగిలింది. ఇప్పుడే విప్పితే గోరింకలు నవ్వుతాయి, ఇంకొంచెంసేపు ఆగుదాం అనుకున్నాడు. అంతే, ఆ ఇంకొంచెంసేపే.

మచ్చక్కకీ ఆ చప్పుడు వినబడింది. గాలి ఎదురుగా లేదు, వాసన అందలేదు. తలెత్తి చెట్టు వైపు చూసింది. కేక రాలేదు. నిజంగా పులే అయితే లింగన్న అరవడా అనుకుని మళ్లీ తల వంచింది.

రెండోసారి సరసర వినబడగానే లింగన్న గడ్డం పైకి లేపాడు. చిరుత కనబడింది. నోరు తెరిచాడు, కానీ అరవడానికి లోపల గాలేదీ? పొట్ట విడిచి, ఊపిరి పీల్చి, గొంతు పెగిలేసరికి చిరుత దూకేసింది. మచ్చక్క పిల్లని తలతో పక్కకి నెట్టింది. గురివి పారిపోయింది. మచ్చక్క పారిపోలేకపోయింది.

అప్పుడొచ్చింది లింగన్న కేక. అడవి మారుమోగింది. ఎవరికి కావాలి ఆ కేక?

లింగన్న ఏడుస్తూ వాగు దగ్గరికి వెళ్లాడు. జరిగింది ఏదీ దాచకుండా చెప్పాడు. చప్పుడు ముందే విన్నానని కూడా చెప్పాడు. "నా ఊపిరి నేను నిలపగలను తాతా. పోయిన ఊపిరిని పట్టి నిలిపే బంధం ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"లేదు నాయనా" అన్నాడు డిప్పయ్య తాత. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "విద్య మంచిదే. నువ్వు దాన్ని కూర్చోబెట్టిన చోటు మంచిది కాదు."

ఆ తర్వాత లింగన్న కాపలాలో ఒక్కసారి కూడా కన్ను వాల్చలేదు. గోరింకలు పిలిచినా పలకలేదు. లేత ఆకులు ఎప్పటిలా కిందికి వేస్తూనే ఉన్నాడు. గురివి పెద్దదైంది, కానీ బక్కగా ఉండేది. రెండు గరికపోచలు కొరికి తలెత్తుతుంది, నాలుగు దిక్కులూ చూస్తుంది, మళ్లీ రెండు కొరుకుతుంది. అలా మేస్తే ఒంటికేం పడుతుంది?

ఒకనాడు లింగన్న కింది కొమ్మదాకా దిగొచ్చాడు. "తల్లీ, నేను కాస్తున్నానుగా, నిమ్మళంగా మెయ్యమ్మా" అన్నాడు.

గురివికి కోపమేమీ లేదు. "వద్దులే మామా, నేనే చూసుకుంటాను" అంది, మర్యాదగానే. అని తలెత్తి పొదలకేసి చూసింది.

నీతి: మనల్ని నమ్మి ఒకరు తల వంచుకుని ఉన్నంతసేపూ, మన సాధన ఎంత గొప్పదైనా దాన్ని పక్కన పెట్టాలి.