మాలచ్చి నమిలిన తాడు

మాలచ్చి అనే గేదెకు పన్నెండేళ్ళు. ఏది నోట్లో పడ్డా మెత్తగా నమలందే మింగదు. ఆమె ఉండే దొడ్డి మనిషి ఒంట్లోని ఒక కణం. ఒళ్ళంతా అలాంటి దొడ్లే. ఒక్క బెల్లం ముక్క ఇస్తే తాపీగా నెమరేసి ముప్పై దీపాలకు సరిపడా శక్తి తీసేది. ఇలాంటి గేదెను చదువుకున్నవాళ్ళు మైటోకాండ్రియా అంటారు. ఆ పని తల్లి నుంచే వస్తుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

గుంజకు వేలాడే గంట కూడా ఆమె బాధ్యతే. దొడ్డికి తెగులు పడితే కొట్టాలి. కొడితే దొడ్డి ఆమెతో సహా కూలిపోతుంది. పక్క దొడ్లు బతుకుతాయి.

ఆ దొడ్డిలో కబుర్లు మోసే ప్రోటీన్ ఒక నక్క. దొడ్డిలోని మేకలకు అవసరమైనప్పుడు 'పెరగండి' అని చెప్పి ఊరుకోవడం దాని ఉద్యోగం. ఒకరోజు గుణం చెడి కేన్సర్ ప్రోటీనయింది, ఇక నోరు మూయలేదు. మేకల ముందు బెల్లం గుట్టలు పోయించి, నమలకుండా మింగమంది. ముక్కకు రెండే దీపాలు వెలుగుతున్నా, అన్ని ముక్కలుండగా ఎవరికి పట్టింది? దొడ్డంతా పులిసిన కంపు. మేకలు రోజురోజుకీ రెట్టింపై, గోడ పక్క దొడ్డి మీదికి ఒరిగింది. అటువైపు దూడలు అరుస్తుంటే మాలచ్చి గంట వైపు నడిచింది.

నక్క జాలిగా వచ్చింది. "దవడలు అరిగిపోయాయక్కా. ఇంక హాయిగా కూర్చో."

ఆడదాన్ని పనిలోంచి తీసేసేవాళ్ళు ముందు జాలే చూపిస్తారు.

"గంట నాలుకకు ఆ తాడెందుకు?"

"గాలికి మోగితే నీ నిద్ర చెడుతుందని."

మాలచ్చి తాడు పట్టి లాగింది. తెగలేదు. సాయం అడిగితే, పని పోయిందని పెద్దమ్మకి కడుపుమంట అని మేకలు నవ్వాయి. పనిలేనిదానికి మేత దేనికని నక్క మేత కూడా ఆపించింది. మూడు రోజులు పస్తు. గోడ బీటలిచ్చింది. కొట్టలేకపోతే దూడలు పోతాయి, కొడితే తను పోతుంది. 

నాలుగో రోజు ఆమె దవడలు ఆడడం నక్క చూసింది.

"ఏం తింటున్నావక్కా?"

"నువ్వు పెట్టిందే, తమ్ముడూ."

నక్క అప్పుడు పైకి చూసింది. తను పేనింది ఎండుగడ్డి తాడు. సగానికి పైగా గేదె నోట్లో ఉంది.

"గంట మోగితే నువ్వూ పోతావు," అంది.

"తెలుసు," అని మాలచ్చి ఇంకో పోగు నమిలింది.

పనిలోంచి తప్పించినంత మాత్రాన పనితనం పోదు.

ఆ మధ్యాహ్నం మాలచ్చి గంట కొట్టింది.