లేత రంగుల విందు

కందాళ నరసింహాచార్యులు గారికి చిన్న ప్రశ్న, పెద్ద ప్రశ్న అన్న తేడా ఉండేది కాదు. మోక్షం గురించి అడిగినా, మోకాళ్ల నొప్పి గురించి అడిగినా ఒకే శ్రద్ధతో వినేవారు. కాలేజీలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాక, శ్రీకాకుళంలో తన ఇంటి ముందు గదిలో ఆదివారం పొద్దుటిపూట భాగవతం చెప్పేవారు. మేం పది పన్నెండు మందిమి వెళ్లేవాళ్లం. పాఠం అయ్యాక ఎవరైనా సొంత సంగతి అడిగితే శ్లోకం చదివి పంపేసేవారు కాదు. తను చూసినదో తనకు జరిగినదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. దానికీ మన ప్రశ్నకూ ఉన్న సంబంధం ఇంటికి వెళ్లేదాకా తెలిసేది కాదు. కొన్నిసార్లు ఇంటికి వెళ్లాక కూడా తెలిసేది కాదు.

ఆ ఆదివారం అడిగింది భ్రమరాంబ గారు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి ఆ మధ్యనే రిటైరయ్యారు. వైశాఖంలో కూతురి పెళ్లి. ముహూర్తం ఊళ్లోనే, సాయంత్రం విందు మాత్రం భీమిలి దారిలో సముద్రం ఒడ్డున. అచ్చుకు వెళ్లబోయే శుభలేఖ చేతిలో పట్టుకుని, కాస్త సిగ్గుపడుతూనే అన్నారు.

"నవ్వకండి గురువుగారూ. ఎండాకాలం, సముద్రం గాలి, పెద్దపెద్దవాళ్లు వస్తారు. ఎవరికి తోచింది వాళ్లు కట్టుకొస్తే ఫొటోలు బాగుండవంటోంది మా అమ్మాయి. అందరూ లేత రంగుల్లో, పలచటి బట్టల్లో రావాలని కార్డు మీద వేయిద్దామంటోంది. వేయించమంటారా? వచ్చేవాళ్లు ఏం కట్టుకుంటే పద్ధతిగా ఉంటుంది?"

మేమందరం నవ్వాం. ఆచార్యులు గారు నవ్వలేదు. కార్డు తీసుకుని ఆ ఒక్క పంక్తీ చదివారు. మళ్లీ చదివారు. ఆ తర్వాత చెప్పింది ఇది. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట నా శిష్యుడు సుధాకర్, కాంట్రాక్టరు, వాళ్లమ్మాయి పెళ్లి చేశాడు. విందు ఇలాగే సముద్రం ఒడ్డున, ఇలాగే వైశాఖంలో. కార్డు మీద ఇదే మాట. అది రాసిపెట్టింది నేనే. "లేత వన్నెల దుస్తులలో విచ్చేసి" అని కాస్త అలంకారంగా కూడా రాశాను. అందరూ మెచ్చుకున్నారు. గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్లను పలకరించి కూర్చోబెట్టే పని కూడా సుధాకర్ నాకే అప్పజెప్పాడు. "మీరైతే ఎవర్నీ నొప్పించకుండా మాట్లాడతారు మాస్టారూ" అన్నాడు. నాకూ ఆ సంగతిలో కొంచెం గర్వం ఉండేది.

సాయంత్రం అయిదున్నరైనా ఎండ తగ్గలేదు. గాలి పూర్తిగా పడిపోయింది. సముద్రం పక్కన గాలి లేకపోతే ఆ ఉక్క ఎలా ఉంటుందో మీకు తెలుసు. వచ్చినవాళ్లంతా మల్లెపూవు రంగు, లేత గులాబీ, లేత నీలం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. వేదిక మీద పెళ్లికొడుకు హేమంత్ ఒక్కడే ముదురు నీలం సూటులో ఉన్నాడు. మంచి ఉన్ని గుడ్డ. చెమట కారిపోతున్నా జేబురుమాలుతో తుడుచుకుంటూ, చుట్టూ మూగినవాళ్లందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. అరవై దాటిన మనిషి దిగాడు. సన్నగా, నల్లగా, పెద్ద పెద్ద చేతులు. ఆ చేతులు సగం కనబడటం లేదు, ఎందుకంటే వేసుకున్న కోటు చేతులు వేళ్లదాకా వచ్చేశాయి. భుజాలు జారిపోయాయి. పాంటు అడుగున మడిచి కుట్టినట్టుంది. రంగు ముదురు నీలం. అచ్చంగా పెళ్లికొడుకు సూటే.

నేను ఎదురెళ్లి నమస్కారం పెట్టాను. పేరు పైడిరాజనీ, విజయనగరం నుంచి వచ్చాననీ, బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాననీ చెప్పాడు. కొబ్బరినీళ్లు ఇప్పించాను. "ఇంత ఉక్కలో కోటెందుకండీ, తీసి ఇలా ఇవ్వండి, జాగ్రత్త చేయిస్తాను" అన్నాను. "పర్వాలేదండి" అని, వెళ్లి ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. వీపు కుర్చీకి ఆన్చకుండా, బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా.

కాసేపటికి వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. పెళ్లికొడుకులు ఇద్దరా అని ఎవరో అన్నారు. సుధాకర్ నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. "మాస్టారూ, ఎవరో అల్లుడి తరఫు మనిషిట. అల్లుడి సూటులాంటిదే వేసుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వీడియోలో అదే పడుతోంది. మీరు కాస్త మెల్లిగా చెప్పి వెనక్కి పంపించండి."

వెళ్లాను. పక్కన కూర్చున్నాను. వెనక ఫ్యాన్లున్నాయి, అక్కడైతే హాయిగా ఉంటుంది, కోటు తీసేస్తే ఇంకా హాయి అన్నాను. ఆయన నుదుటి నుంచి చెమట కాలరు మీదికి కారుతోంది. "మా అబ్బాయిదండి" అన్నాడు, కోటు బొత్తాం మీద చెయ్యి పెట్టుకుని.

ఆ ముక్క దగ్గర నేను ఆగి ఉండవలసింది. అబ్బాయి ఏడండీ అని అడిగి ఉంటే సరిపోయేది. నాకు ఆ ప్రశ్న తోచలేదు. నాకు తోచింది మాట చమత్కారం. నవ్వుతూ అన్నాను. "తెలుస్తూనే ఉందండీ, మీకు బాగా వదులు. ఈ వయసులో మనకెందుకు చెప్పండి, పిల్లల బట్టలు?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. "నిజమేనండి" అన్నాడు. తాగుతున్న కొబ్బరినీళ్లు కుర్చీ పక్కన కింద పెట్టాడు. లేచి నమస్కారం పెట్టి, కుర్చీల పక్క నుంచి గేటు వైపు నడిచాడు. కోటు విప్పలేదు. ఫ్యాన్ల దగ్గరికి వెళుతున్నాడనుకున్నాను. పని నెమ్మదిగా, ఎవరూ నొచ్చుకోకుండా అయిపోయిందనుకుని సుధాకర్ వైపు చూసి తల కూడా ఊపాను.

అంతలో వేదిక మీద ఏదో కలకలం. హేమంత్ మెట్లు దిగి పరిగెత్తుకొస్తున్నాడు, మెళ్లో దండతోనే. నా దగ్గర ఆగి, ఊపిరి అందక, "ఇప్పుడు అటు నడిచి వెళ్లిందెవరండీ? నీలం సూటులో?" అన్నాడు. పేరు చెప్పాను. ఆ అబ్బాయి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నడక చూసి ఉదయ్ అనుకున్నానండి. ఒక్క క్షణం నిజంగా వాడేననుకున్నాను" అన్నాడు.

ఇద్దరం గేటు బయటికి వెళ్లాం. ఆ రోడ్డు సముద్రం వెంబడే తిన్నగా పోతుంది, దూరం దాకా కనిపిస్తుంది. మనిషి జాడ లేదు. విజయనగరం బస్సు అప్పుడే వెళ్లిందని సోడాబండి అతను చెప్పాడు.

రోడ్డు మీదే నిలబడి హేమంత్ చెప్పాడు. ఉదయ్, తనూ పాలిటెక్నిక్‌లో మొదటి రోజు నుంచీ ఒకే గది. పెళ్లి మొదట మాఘంలో అనుకున్నారు. చలికాలం కదా అని ఇద్దరూ ఒకే తానులో ఉన్ని గుడ్డ తీసి, ఒకే దర్జీ దగ్గర, ఒకే రోజు కొలతలిచ్చారు. విందులో నీ పక్కన నేనుంటాను, ఎవరు పెళ్లికొడుకో మీ మామగారికి తెలియకూడదని ఉదయ్ అనేవాడట. సూట్లు కుట్టడం పూర్తయిన వారానికి అతనికి డెంగీ జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు ఉన్నాడు. పైడిరాజుకు ఒక్కడే కొడుకు. హేమంత్ మాఘంలో పీటల మీద కూర్చోలేనన్నాడు. అలా ఆ పెళ్లి వైశాఖానికి వచ్చింది, ఉన్ని సూటు ఎండల్లోకి వచ్చింది. "కార్డు ఇవ్వడానికి వెళ్లినప్పుడు రమ్మని అనడానికి కూడా నోరు రాలేదండి. గూట్లో పెట్టి వచ్చేశాను. ఆయన వస్తారని నేననుకోలేదు" అన్నాడు.

ఆ విందు ఎలా పూర్తయిందో నాకు గుర్తు లేదు.

నాలుగో రోజు హేమంత్‌నీ, పెళ్లికూతుర్నీ వెంటబెట్టుకుని విజయనగరం వెళ్లాను. రెండు గదుల ఇల్లు. పైడిరాజు మమ్మల్ని చూసి కంగారుపడి కుర్చీలు దులిపాడు. నేను చెప్పవలసిన మాటలు దారంతా కూర్చుకున్నాను. నోరు తెరిచేలోపే ఆయన భార్య లోపలి నుంచి మంచినీళ్లు పట్టుకొచ్చింది. పేరు కొండమ్మ. ముఖం ఎందుకంత వెలిగిపోతోందో నాకేమీ అర్థం కాలేదు.

"మా గుంటడి సూటు మీ పక్కనే నిలబడిందంట గదా బాబూ" అంది హేమంత్‌తో. "అందరూ ఎవరని అడిగారంట. ఫొటో తీశారంట. ఈయన వచ్చి అంతా చెప్పారు. నడుం దగ్గర పిన్నులు పెట్టాను, ఊడిపోతాయేమోనని నా గుండెలు కొట్టుకుంటానే ఉన్నాయి. ఊడలేదు కదా?"

నేను తల దించుకున్నాను. హేమంత్ "ఊడలేదు పిన్నీ. నా పక్కనే ఉన్నాడు" అన్నాడు.

"ఫొటో ఎప్పుడొస్తుంది?"

"ఆల్బమ్ చేస్తున్నారు పిన్నీ. రాగానే తెస్తాను."

ఆవిడ పెళ్లికూతురికి బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ ఇచ్చి, లోపలికి తీసుకెళ్లింది. మేం ముగ్గురం బయటికి వచ్చాం. క్షమించమన్నాను. ఆయన నా చేతులు పట్టుకుని ఆపాడు. "మీరు ఎండ చూశారు పంతులుగారూ. ఎండ ఉందిగా మరి. మీ తప్పేముంది" అన్నాడు. నన్ను ఓదార్చే మాట ఆయనే వెతికాడు. దాని కంటే ఆయన నన్ను కొట్టినా బాగుండేది.

హేమంత్ వదల్లేదు. తన సూటు కారులో తెచ్చాడు. "బాబాయ్, నేనూ వేసుకుంటాను, మీరూ వేసుకోండి. ఇప్పుడే ఫొటో తీయిద్దాం. పిన్నికి అదే చూపిద్దాం" అన్నాడు.

పైడిరాజు వీధిలోకి చూస్తూ అన్నాడు. "వద్దు బాబూ. ఆ వేళ వచ్చింది వాడు. మాట ఇచ్చాడు కదా, వచ్చాడు. ఇవాళ వేసుకుంటే అది నేనవుతాను."

బస్సుల టైర్లు మోసిన ఆ పెద్ద చెయ్యి హేమంత్ తల మీద కాసేపు ఉంచాడు. మేం వచ్చేశాం.

హేమంత్ ఏటా ఉదయ్ పోయిన రోజున వాళ్లింటికి వెళతాడు. ఆ విందు ఫొటోలు నాలుగువందలకు పైగా ఉన్నాయి. అన్నీ వెదికాడు. ఒక్కదానిలో కూడా ఆయన లేడు. వీడియో తీసినతను మంచి పనివాడు, బాగోలేనిదంతా కత్తిరించేశాడు. మొదటి ఏడు కొండమ్మ ఫొటో అడిగింది, ఆల్బమ్ ఇంకా రాలేదన్నాడు. రెండో ఏడూ అడిగింది, అదే చెప్పాడు. మూడో ఏడు ఆవిడ అడగలేదు. మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని, పెళ్లాం పిల్లలు కులాసాయేనా అని మాత్రం అడిగిందట. ఎప్పుడు తెలిసిందో, ఎలా తెలిసిందో, హేమంత్‌కీ తెలియదు. తనకు తెలిసిందని ఆవిడ పైడిరాజుకు చెప్పలేదు. ఆయన మటుకు ఇప్పటికీ, ఆ రోజు ఎంతమంది జనమో, మనవాడు ఎంత బాగున్నాడో ఆవిడకి చెబుతూనే ఉంటాడట. ఆవిడ వింటుందట.

ఆచార్యులు గారు అక్కడితో ఆపారు.

భ్రమరాంబ గారు పైటచెంగుతో కళ్లు తుడుచుకుని, ఇంకా కార్డు వైపే చూస్తూ అడిగారు. "అయితే ఆ పంక్తి తీసేయమంటారా గురువుగారూ? ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లని రమ్మనమంటారా?"

ఆయన కార్డు ఆమె చేతికి తిరిగి ఇచ్చారు.

"రంగుల సంగతి మీ అమ్మాయి ఇష్టమమ్మా. గేటు దగ్గర ఎవర్ని నిలబెడుతున్నావో, అది చెప్పు."