గోరింక కథకు నక్క దండోరా

రోము నగరం పక్కనే, టైబర్ నది ఒడ్డున ఓ అడవి ఉండేది. దానికి సింహం రాజు, నక్క మంత్రి. కథలు చెప్పడంలో మాత్రం గోరింకదే రాజ్యం. అది నోరు విప్పిందంటే తోడేళ్ళు కూడా ఆకలి మరిచి కూర్చునేవి. అంత గొప్ప గొంతు దానిది!

నది దాటి ఎవరూ మనువాడకూడదని సింహం శాసనం. గోరింక అల్లిన కొత్త కథలో ఈ ఒడ్డు దుప్పి ఆ ఒడ్డు లేడి మీద మనసు పడింది. భటులు అడ్డుపడితే వనదేవత జాలిపడి ఇద్దరినీ చెట్లుగా మార్చింది. నది అడుగున వాటి వేళ్ళు పెనవేసుకున్నాయి.

సింహం మండిపడింది. "దాన్ని చలిసముద్రం ఒడ్డుకు తరిమెయ్యండి! ఆ కథ ఇంకెవరి నోటా వినపడకూడదు!"

సాగనంపే పని నక్క మీద పడింది. గోరింక కళ్ళనీళ్ళు చూసి నక్కకు లోలోపల సంబరమే.

"ఊరు వదలడానికి బాధ లేదు మంత్రిగారూ, నా కథ చచ్చిపోతుందనే ఏడుపు," అంది గోరింక. "అయినా తమరు చాటబోయే ఆజ్ఞలో చిన్న లొసుగుంది. ఏ కథో చెప్పకపోతే, 'ఇదని మాకు తెలీదు బాబూ' అని అందరూ తప్పించుకోరూ?"

తన పనిలో లొసుగంటే నక్క ఓర్చుకోలేదు. "అయితే ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పు. దండోరా వేయిస్తాను."

గోరింక ప్రాణం పెట్టి చెప్పింది. నక్క దాన్ని గాడిదకు నేర్పింది. గాడిద మెడలో డప్పు వేసుకుని బయలుదేరింది.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ కథ ఎవరూ చెప్పరాదు! అది ఏ కథ అనగా..."

చెబుతూ చెబుతూ గాడిదే వెక్కివెక్కి ఏడ్చింది. "ఇంకోసారి చెప్పు గాడిదన్నా," అంది ఉడుత ముక్కు చీదుతూ. "ఏది చెప్పకూడదో సరిగ్గా తెలియొద్దూ?"

పని పూర్తయిందని నక్క దర్జాగా ఇంటికొచ్చింది. లోపల దాని పెళ్ళాం పిల్లలకు ఆ కథే చెబుతోంది.

"నీకేమైనా మతిపోయిందా?"

"నువ్వు చాటించిందేగా! పిల్లలకు తెలియకపోతే రేపెక్కడో నోరు జారరూ? ఇంతకీ లేడి చెట్టయ్యాక ఏమైందయ్యా? గాడిద ఏడుపులో నాకు వినపడలేదు."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని తండ్రి వైపు చూశాయి. నక్క పళ్ళు నూరింది. తల గోక్కుంది. చివరికి చతికిలబడి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

మంచి కథను నొక్కెయ్యాలని చూసినవాడే దాన్ని నలుగురికీ మోసుకెళతాడు.