హలో తరవాత

"ఏ ప్రాసెసర్ మంచిదండీ?" అని అడిగినవాడికి శ్రీకంఠం మాస్టారు నోటితో జవాబు చెప్పిన దాఖలా లేదు. "ఎవరికి?" అని ఎదురడిగి, చెప్పులు వేసుకుంటారు. ఆయన పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు బోధించి రిటైరైన మనిషి. ఇప్పుడు తెనాలిలో ఇంటి ముందుగదిలోనే కావలసినవాళ్ళకి కంప్యూటర్లు అమర్చి ఇస్తూ, ఆ పని నేర్చుకోవాలని వచ్చినవాళ్ళకి నేర్పుతున్నారు. ఎవరికి ఏ మిషను అమర్చినా తన బల్లమీద పరీక్షించి సరేననుకోవడం ఆయన పద్ధతి కాదు. దాన్ని ఆ మనిషి ఇంటికి మోయించి, ఆ మనిషి రోజూ చేసుకునే పనే దానిమీద చేయించి చూస్తారు. ఇందుకు ఎండలో తిరగాలి గనక శిష్యులెవరికీ ఈ పద్ధతి నచ్చదు.

ఆ శిష్యుల్లో సుధీంద్ర అనేవాడు తెలివైనవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. మార్కెట్లోకి వచ్చిన ప్రతి ప్రాసెసర్ వేగపరీక్ష స్కోరూ అతనికి కంఠతా వచ్చు. మాస్టారు ఊళ్ళో లేనప్పుడు రంగనాయకులు గారి పాత కంప్యూటరు చెడిపోతే, కొత్తది సుధీంద్రే అమర్చాడు. పదహారు కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే పదహారు భాగాలు, ఉన్న ప్రాసెసర్ వేశాడు. ఏసీ గదిలో, మరే ప్రోగ్రామూ తెరవకుండా పరీక్షిస్తే, పట్టికలో పైవరసన నిలబడే స్కోరు వచ్చింది. రంగనాయకులు గారు వాడుకునే ప్రోగ్రాం కూడా ఎక్కించి చూశాడు. అదీ పనిచేసింది. ఇంకేం కావాలి?

కొద్దిరోజులకే రంగనాయకులు గారి దగ్గర్నించి కబురొచ్చింది: "ఇది వద్దు. నా పాతదే ఎలాగైనా బాగుచేయండి."

సుధీంద్రకి తల కొట్టేసినట్టయింది. మాస్టారు తిరిగి రాగానే అడిగాడు. "అంత స్కోరున్నది పనికిరాదంటే, ఇంక ఆ స్కోర్లు దేనికండీ? అన్నీ అబద్ధాలేనా?"

"అబద్ధం కాదు," అన్నారు మాస్టారు చెప్పులు వెతుక్కుంటూ. "పద, రంగనాయకులు గారింటికెళ్దాం."

రంగనాయకులు గారి గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని బళ్ళ రాకపోకలు ప్రకటించారు. ఆయన మొహం ఎరగనివాళ్ళు కూడా ఆ గొంతు ఎరుగుదురు. ఆ గొంతుకే కాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసెయ్యక తప్పదని తేలాక, ఆపరేషనుకు ముందే మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి మాటలూ వాక్యాలూ చదివించి, రికార్డు చేసి, తన పాత విద్యార్థి ఒకడి చేత ఆ గొంతుతో పలికే ప్రోగ్రాం రాయించారు. ఇప్పుడు ఆయన టైపు చేస్తారు, కంప్యూటరు ఆయన గొంతుతో మాట్లాడుతుంది. భార్య పోయింది, పిల్లలు లేరు. బజార్లో కనిపిస్తే అందరూ నమస్కారం పెడతారు గానీ, ఇంటికొచ్చి, ఆయన టైపు చేసేదాకా కూర్చునే ఓపిక ఎవరికీ లేదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు. చివరికి మిగిలింది బాపట్లలో ఒక్కతే ఉండే అక్క శేషారత్నమ్మ. ఆవిడకి చూపు ఆనదు, రాసి పంపితే చదవలేదు. అందుకని ఇద్దరికీ సాయంత్రం పూట ఫోను. ఆ కాసేపు మాటల కోసమే ఆయన మిగతా రోజంతా ఎలాగో నెట్టుకొస్తారు. నాకు తెలిసినంతలో అంతకన్నా పెద్ద పని ఏ కంప్యూటరుకీ ఎవరూ అప్పజెప్పలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి ఎండ వాలుతోంది. మాస్టారు సుధీంద్రని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.

"ఇవాళ అక్కగారితో నువ్వు మాట్లాడు. నోరు మాత్రం తెరవకూడదు. ఏం చెప్పినా టైపు చేసే చెప్పు."

ఫోనులో నెంబరు కలిపి, కంప్యూటరు స్పీకరు పక్కన పెట్టారు.

"హలో," అంది అటునించి ముసలి గొంతు.

సుధీంద్ర వేళ్ళు చురుకైనవి. 'అక్కా, నేనే' అని టకటకా కొట్టి ఎంటర్ నొక్కాడు. తెరమీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"హలో... ఎవరూ?"

చక్రం తిరుగుతూనే ఉంది.

"పలకరేందయ్యా? మళ్ళీ ఆ బ్యాంకు దొంగలేగా మీరు? మొన్నా ఇట్టాగే చేశారు. ఉలుకూ పలుకూ లేకపోతే పెట్టెయ్యమని మా పక్కింటాయన చెప్పాడు నాకు!"

సుధీంద్ర ఉండబట్టలేక అరవబోయాడు. రంగనాయకులు గారి చెయ్యి వచ్చి అతని నోటిమీద పడింది. అందులో కోపం లేదు. ఆయనకి లేని వీలు ఈ కుర్రవాడికి మాత్రం ఎందుకుండాలి?

ఫోను తెగిపోయింది. అప్పుడు ఆ గదిలో, స్టేషన్లో ఒకప్పుడు వినిపించిన గొంతు నింపాదిగా, స్పష్టంగా, "అక్కా, నేనే" అంది. వినవలసిన మనిషి వెళ్ళిపోయింది. సుధీంద్ర తల వంచుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది.

రంగనాయకులు గారు అతని భుజం తట్టి, వంగి, తనే ఏదో టైపు చేశారు. ముగ్గురూ చక్రం వైపు చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి కంప్యూటరు పలికింది: "నా జవాబు ఆలస్యముగా నడుచుచున్నది. కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము." ఆయన నవ్వబోయారు గానీ మిగతా ఇద్దరికీ నవ్వు రాలేదు.

"ఈ ప్రోగ్రాం ఎన్ని కోర్లు వాడుకుంటోంది?" అని అడిగారు మాస్టారు.

సుధీంద్ర తెరమీద చూశాడు. "ఒక్కటేనండీ."

"తక్కినవి?"

"ఖాళీగా కూర్చున్నాయండీ."

పేరు గొప్ప, ఊరు దిబ్బ అనేద్దామంటే ఆ మిషనుకి అన్యాయం చేసినట్టవుతుంది. అతను చూసిన స్కోరు పదహారు కోర్లూ కలిసి పనిచేస్తే వచ్చేది. ఈ ప్రోగ్రాం పాతకాలపుది, ఒక్క కోరు మీదే నడుస్తుంది. ఇంట్లో పదహారుమంది వంటవాళ్ళున్నా, దాహమన్నవాడికి గ్లాసెడు నీళ్ళు అందించేది ఒక్కడే. ఆ ఒక్కడూ ఇక్కడ నెమ్మదిమనిషి. ఒక్కొక్క కోరు వేగానికి వేరే స్కోరు ఉంటుందని సుధీంద్రకి తెలియక కాదు. అది చిన్న అంకె గనక దానివైపు చూడలేదు.

"స్కోరు తననడిగినదానికి నిజమే చెప్పిందిరా," అన్నారు మాస్టారు. "ఈయన అడిగింది వేరు."

మర్నాడు సుధీంద్ర బోర్డుతో సహా ప్రాసెసర్ మార్చేశాడు. ఈసారి వేసినదానికి కోర్లు తక్కువ. మొత్తం స్కోరులో అది ఎక్కడో అడుగున ఉంటుంది. ఒక్క కోరు పనిలో మాత్రం మహా చురుకు. అక్కడే, ఆ ఉక్కపోతలోనే, పదేపదే పలికించి చూసుకున్నాడు. సాయంత్రానికి మాస్టారు కూడా వచ్చారు. రంగనాయకులు గారు ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు.

"హలో," అంది శేషారత్నమ్మ, అనుమానంగా.

"అక్కా, నేనే."

"నువ్వట్రా! ఏమైపోయావురా? రోజూ ఫోను దగ్గరే కూర్చుంటన్నా. మోగితే ఆ దొంగ సచ్చినోళ్ళే. నీకేదో అయిందనుకున్నా. ఎవర్నడగను? ఎవరున్నారని అడగను?"

"బాగానే ఉన్నానక్కా. తిన్నావా?"

"తిన్నా. నువ్వో?"

"తిన్నాను."

"ఏం కూర?"

"బీరకాయ."

"బీరకాయా," అంది ఆవిడ. అంతే. అన్నాళ్ళ నించీ దాచుకున్న మాటలన్నీ అక్కడితో అయిపోయాయి.

రంగనాయకులు గారి చేతులు ఒళ్ళోకి వచ్చాయి. ఫోనులో ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, వెనక ఎక్కడో ఒక సైకిలు బెల్లు. ఆయన కళ్ళు మూసుకున్నారు. నిశ్శబ్దం సాగుతూనే ఉంది, నిన్నటికన్నా ఎంతో పొడుగ్గా.

సుధీంద్ర వాచీ చూసుకుని, మౌసు వైపు చెయ్యి చాపాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"మిషను ఆగిపోయినట్టుందండీ," అన్నాడు గుసగుసగా.

"ఆవిడ పెట్టేసిందా?"

"లేదండీ."

"అయితే పద బయటికి," అన్నారు మాస్టారు. "ఇది కొలవకు."